భానుపురి మీది అయస్కాంత తుపాను

సూర్యాపేటకు పూర్వము భానుపురి అని పేరు. రెండు పేర్లలోనూ సూర్యుడే ఉన్నాడు. ఈ ఊరు హైదరాబాదు నుండి బెజవాడకు పోయే బాటలో ఇంచుమించు నడిమధ్యన ఉన్నది. హైదరాబాదులో 1935లో ఆరంభమైన దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. కనుక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల వారు రెండు దిక్కుల నుండి తెలుగు మాట వినగలిగిన అదృష్టవంతులు.

పగటివేళ ఆ మాట నేలను అంటుకొని వచ్చేది. పొద్దు గుంకిన తరువాత అదే పెట్టెలో దూరదేశముల కేంద్రములు కూడ పలికేవి. సింహళము నుండి వచ్చే పాటల కొరకు ముల్లు తిప్పిన చేతులు మన పల్లెలలో ఎన్ని లేవు! ఆ పాటలు నేల వెంట వచ్చినవి కావు. ఆకాశమునకు ఎగసి, అక్కడి నుండి మరలి దిగినవి. ఏదో ఒకనాడు హఠాత్తుగా అవి వినరాకపోతే బ్యాటరీని, ఏరియల్ తీగెను, చివరకు పొరుగువారి పిల్లలను కూడ అనుమానించేవారము. సూర్యుని అనుమానించినవారు అరుదు.

ఆకాశములో తరంగములను మరలించే పొర ఒకటి ఉండవలెనని ఊహించడానికి మార్కోని ప్రయోగము కారణమైనది. 1901 డిసెంబరులో ఆయన సంకేతము అట్లాంటిక్ సముద్రమును దాటినది. భూమి గుండ్రముగా ఉండగా సూటిగా పోయే తరంగము అంత దూరము ఎట్లు చేరినది? మరుసటి ఏడు కెనెలీ, హెవిసైడ్ అనే ఇద్దరు వేరువేరుగా ఒకే సమాధానము చెప్పినారు. 1924లో ఆపిల్టన్ దానిని ప్రయోగపూర్వకముగా నిరూపించినాడు. సూర్యకిరణములు పలుచని గాలిలోని అణువుల నుండి ఎలక్ట్రానులను విడదీయుట చేత ఏర్పడే ఈ ప్రదేశమే అయనావరణము. మన దేశములో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా దీనిని గూర్చి గొప్ప కృషి చేసినారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య రామచంద్రరావు, వారి శిష్యులు ఈ పరిశోధనను తెలుగుదేశమునకు తెచ్చినారు. ఆకాశవాణి పరిశోధన విభాగము కూడ ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, తిరుచిరాపల్లి నగరములలో ఈ పొరల ఎత్తును కొలిచినది. ఏ వేళకు ఏ తరంగము పంపవలెనో తెలియవలెను గదా!

ఇక తుపాను సంగతి. సూర్యుని నుండి విద్యుదావేశము గల కణముల మేఘము వెడలి, ఒకటి రెండు రోజులలోనో, మరికొంత ఆలస్యముగానో భూమిని తాకుట కలదు. అప్పుడు భూమి అయస్కాంత క్షేత్రము కల్లోలపడును. 1859 సెప్టెంబరు 2న బొంబాయి కొలాబా వేధశాలలో ఆ క్షేత్రము సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్లు నమోదైనది. మనవైపు ఆ క్షేత్రపు బలము ఇంచుమించు 40,000 కనుక, అది సామాన్యమైన పతనము కాదు. 1872 ఫిబ్రవరి 4నాటి తుపానులో బొంబాయి, ఏడెన్‌ల మధ్య సముద్రగర్భ టెలిగ్రాఫునకు అంతరాయము కలిగినది. బొంబాయి ఆకాశములో ధ్రువకాంతి కనిపించినదని పత్రికలు వ్రాసినవి.

మనకు ముఖ్యమైనది వేరొక విషయము. అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణపు కొస మీదుగా పోవుచున్నది. 1963లో తుంబాలో రాకెట్టు కేంద్రము పెట్టడానికి అదే కారణము. పగటివేళ అక్కడి విద్యుత్ క్షేత్రము ఎలక్ట్రానులను నీటిబుగ్గవలె పైకెత్తును. అవి అయస్కాంత రేఖల వెంట జారి, ఉత్తరమున అహమ్మదాబాదు, భోపాలుల చాయలలో కుప్పపడును. మన నల్లగొండ సీమ ఆ బుగ్గకు, ఆ కుప్పకు నడుమ వాలులో ఉన్నది. తుపాను తగిలిన తొలి గంటలలో ధ్రువముల వైపు నుండి చొచ్చుకొనివచ్చే విద్యుత్ క్షేత్రము పగటి బుగ్గను మరింత ఎగజిమ్మును. కొన్ని గంటలు గడచిన పిదప, ధ్రువప్రాంతపు వేడిమి వలన లేచిన గాలులు దానికి ఎదురు క్షేత్రమును పుట్టించి బుగ్గను అణచును. సూర్యాస్తమయము తరువాత పుట్టే ఎలక్ట్రాను శూన్యపు బుడగలు ఒక తుపానులో పెచ్చు పెరుగును, మరొక దానిలో అసలు లేకుండ పోవును. తుపాను ఎంత పెద్దది అనుటకన్న, మనకు ఏ గడియలో తగిలినది అనునదే ఇక్కడ ఎక్కువ నిర్ణయించును.

ఈ గడియను పట్టుకొనుటకు 1961లో హైదరాబాదులో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుండి అయస్కాంత వేధశాలను నడుపుచున్నది. నగరము పెరిగి ఇనుము, విద్యుత్తు ముసరగా, సూర్యాపేటకు వచ్చే త్రోవలోనే ఉన్న చౌటుప్పల్‌లోని తన ఆవరణలో కూడ కొలతలు తీయుచున్నది. బస్సులో పోయే మనము అటువైపు చూడనైనా చూడము.

2024 మే 10 రాత్రి, మన గడియారములో సుమారు 10:35 గంటలకు, 2003 తరువాత అంతటిది ఎరుగని తుపాను భూమిని తాకినది. లడఖ్‌లోని హాన్లేలో ఎర్రని ధ్రువకాంతి ఛాయాచిత్రములకు చిక్కినది. ఆ వేళ అమెరికాలో పట్టపగలు కనుక అక్కడి బుగ్గ ఉవ్వెత్తున లేచినది, మనకు చీకటి. అక్కడ మొక్కజొన్న విత్తుచున్న రైతుల ట్రాక్టర్లు ఉపగ్రహ సంకేతము తప్పి, సాళ్లు వంకరపోవునని నిలిచిపోయినవి. నేడు మిర్యాలగూడ ఆయకట్టులోనైనా, కోదాడ చెలకలోనైనా భూమి కొలుచుటకు అటువంటి సంకేతములనే నమ్ముకొనుచున్నారు. మన పొలముల గట్టు తగాదాలు తరతరములు నడచునవి. తుపాను పగటివేళ తగిలిననాడు కొలతగాడు పరికరమును మూటగట్టి, మరునాటికో ఆ మరునాటికో రమ్మనుట మేలు.