టెలిఫోనులో పిలువని పేరంటము

పరుల యింట అనుమతి లేక అడుగిడుట తప్పని చెప్పుటకు మనకు క్రొత్త శాస్త్రము అక్కఱలేదు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున, కంటకశోధనమను అధికరణములో, ఈ విషయమును విచారించియున్నాఁడు. పగటివేళ పరగృహము చొచ్చినవానికి పూర్వసాహసదండమును, రాత్రివేళ చొచ్చినవానికి మధ్యమసాహసదండమును ఆయన విధించెను. పూర్వసాహసమనఁగా 48 మొదలు 96 పణముల వఱకు, మధ్యమసాహసమనఁగా 200 మొదలు 500 పణముల వఱకు గల ధనదండము. బిచ్చగాండ్రకును, తిరిగి సరకు లమ్మువారికిని ఈ దండము లేదు. అయితే ఈ మినహాయింపునకు ఒక కట్టుబాటు కలదు: వారిని రావలదని ముందుగా నిషేధించియుండరాదు. అనఁగా, వలదన్న వాకిట మరల వచ్చి నిలిచిన వర్తకుఁడు అపరాధియే యగును.

నేఁడు ఆ వర్తకుఁడు వాకిటికి రాఁడు; జేబులోని సెల్‌ఫోనులోనికి వచ్చును. అప్పు కావలెనా యని యొకఁడు, ఇంటిస్థలము కావలెనా యని వేఱొకఁడు అడుగును. అడుగువాఁడు మనుష్యుఁడు కాకపోవచ్చును. యంత్రమే వేలకొలఁది సంఖ్యలను త్రిప్పి, ముందుగా రికార్డు చేసిన మాటను వినిపించును. ఇట్టి పిలుపులను ఆపుటకు మన దేశమున దాదాపు ఇరువదియేండ్లుగా చట్టములు వచ్చుచున్నవి, దండములు పెరుగుచున్నవి. పిలుపులు మాత్రము ఆగలేదు. ఇది యేల యనునదియే నేఁటి ప్రసంగ విషయము.

మొదట ఈ వాకిలి యెట్లు తెఱచుకొన్నదో చూతము. చెన్నపట్టణమున తొలి టెలిఫోను ఎక్స్చేంజి 1882 జనవరి 28వ తేదీన తెఱవఁబడెను. కలకత్తా, బొంబాయి నగరములందును అదే దినమున తెఱచిరి. నాఁడు పిలుచువాఁడు ఎక్స్చేంజిలోని మనిషిని అడిగి తీఁగ కలుపుమనవలసి యుండెను. ఒక్కొక్క పిలుపునకు ఒక మనిషి శ్రమయు, తగిన వెలయు ఉన్నంతకాలము ఊరక పిలుచువారు లేరు. 1960లో లక్నో, కాన్పూరు నగరముల నడుమ నేరుగా సంఖ్య త్రిప్పి మాటలాడు సౌకర్యము వచ్చెను. 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటలాడుటతో సెల్‌ఫోనుల కాలము మొదలయ్యెను. పిమ్మట పిలుపు వెల పైసలలోనికి దిగెను. వేయిమందిని పిలిచి ఒక్కనికి అమ్మినను లాభమే యగు స్థితి యేర్పడెను. ఈ వ్యాపారపు గుట్టంతయు ఇదియే.

కొందఱికి ఇది విసుగు మాత్రమే కావచ్చును. పరవాడవంటి చోట అంతకు మించినది. 2022లో అనకాపల్లి జిల్లా యేర్పడినపుడు అందులో చేరిన ఈ మండలమున సింహాద్రి తాపవిద్యుత్కేంద్రమును, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీయు కలవు. కొలఁది దూరముననే విశాఖ ఉక్కు కర్మాగారము. ఇక్కడి సంసారములు షిఫ్టుల ననుసరించి నడచును. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవానికి పగలే నిద్ర. ఆ నిద్రలో ఫోను మ్రోగినచో తెలియని సంఖ్యయని విడువ వీలులేదు. 2020 జూన్ 29 రాత్రి ఫార్మా సిటీలోని ఒక కర్మాగారమున విషవాయువు వెలువడి ఇద్దఱు మరణించిరి. 2024 ఆగస్టు 21వ తేదీన సమీపమందలి అచ్యుతాపురమున జరిగిన ప్రేలుడులో 17 మంది అసువులు బాసిరి. ఇట్టి వార్తలు వినియున్న ఇల్లాలు, భర్త పనిలో నుండఁగా క్రొత్త సంఖ్యనుండి ఫోను వచ్చినచో గుండె చేతఁ బట్టుకొని మాటలాడును. అవతల యంత్రము ఋణము మంజూరైనదని పలుకును. పదిసార్లు ఇట్లు జరిగి, పదునొకండవసారి ఆమె ఫోను ఎత్తకున్నచో, ఆ పిలుపే నిజమైనది కావచ్చును. ఈ నష్టమునకు ఏ నిబంధనయు వెల కట్టలేదు.

ఇఁక నిబంధనల చరిత్ర. టెలికాం నియంత్రణ సంస్థ, మనము ట్రాయ్ అని పిలుచునది, 1997లో ఏర్పడెను. 2005లో ఈ పిలుపుల బాధపై ఒక న్యాయవాది సుప్రీంకోర్టున ప్రజాహిత వ్యాజ్యము వేసెను. 2007 జూన్ నెలలో ట్రాయ్ తొలి నిబంధనలను ప్రకటించెను. వ్యాపారపు పిలుపులు వలదనువారి పేళ్లకు జాతీయ పట్టిక యొకటి ఆ యేఁటి అక్టోబరులో అమలునకు వచ్చెను. కౌటిల్యుఁడు చెప్పిన నిషేధమే ఇది. వాకిట చెప్పుటకు మాఱుగా పట్టికలో వ్రాయించుట. పట్టికలోనివానిని పిలిచిన వర్తకునికి మొదటిసారి 500 రూపాయలు, తరువాత 1,000 రూపాయలు పడును. అప్పటికిని మానకున్న కనెక్షను తీసివేయుదురు. దినమునకు వేలకొలఁది పిలుపులు చేయువానికి ఐదువందలు ఒక కాఫీ ఖర్చువంటిది.

అందుచేత 2010 డిసెంబరులో మఱికొంత గట్టి నిబంధనలు చేసి, 2011 సెప్టెంబరు 27నుండి అమలుపఱచిరి. వర్తకులకు 140తో మొదలగు సంఖ్యలు కేటాయించిరి; ఉదయము తొమ్మిదినుండి రాత్రి తొమ్మిది వఱకే పిలువవలెననిరి. పగలు నిదురించువాఁడు కూడ ఉండునని ఆ నియమము తలఁపలేదు. దండము మాత్రము మెట్లు మెట్లుగా పెరిగెను: ముందుగా కట్టిన ధరావతునుండి మొదటి తప్పునకు 25,000, రెండవదానికి 75,000, అట్లు పెరిగి ఆఱవదానికి రెండున్నర లక్షల రూపాయలు తగ్గించి, పిమ్మట రెండేండ్లు బహిష్కరించుట.

వినుటకు ఇది కఠినమే. కాని ఈ దండము ఎవనికి? తన పేరు నమోదు చేసికొని, ధరావతు కట్టిన వర్తకునికి. పేరు వ్రాయించుకొనక సామాన్యమైన పదియంకెల సంఖ్యనుండి పిలుచువానికి ధరావతు లేదు. తగ్గించుటకు ఏమియు లేదు. వాని కనెక్షను తీసివేయుదురు; వాఁడు మఱియొక సిమ్ము కొనును. నియమము పాటింపఁజూచినవానికి దండభయము, పాటింపనివానికి స్వేచ్ఛ. ఈ చిల్లినుండియే ప్రవాహమంతయు లోపలికి వచ్చెను.

2018 జూలై 19నాఁటి నిబంధనలు మఱొక త్రోవ పట్టినవి. సందేశములు పంపు సంస్థలన్నియు తమ పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయవలెను. నమోదు కానిది దారిలోనే ఆగిపోవలెను. 2021 మార్చి 8వ తేదీన ఈ వడపోత నిజముగా మొదలుకాఁగానే బ్యాంకుల ఓటీపీలు సైతము ఆగిపోయినవి. దేశమంతట లావాదేవీలు స్తంభించినవి. మఱునాఁడే ట్రాయ్ దానిని ఏడు దినములు నిలిపివేసెను. ఎలుకమీది కోపమున ఇల్లు తగులఁబెట్టిన చందము కాకూడదని వెనుకకు తగ్గిరి. తరువాత సందేశములు కొంత దారికి వచ్చినవి, పిలుపులు రాలేదు.

2024 జనవరి మొదలు జూన్ వఱకు ఆఱు నెలలలో నమోదు కాని వర్తకులపై 7.9 లక్షల ఫిర్యాదులు వచ్చినవని ట్రాయ్ ప్రకటించెను. ఆగస్టు 13వ తేదీన అట్టివారి కనెక్షను లన్నింటిని తీసివేసి, రెండేండ్లు బహిష్కరింపుఁడని కంపెనీలను ఆజ్ఞాపించెను. కొలఁది వారములలో 2.75 లక్షల కనెక్షనులు పోయినవి. ఆ కనెక్షనుల వెనుక పట్టుపడి బహిష్కరింపఁబడిన సంస్థలు మాత్రము ఏఁబదికి కొంచెము పైన. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో విషయము తేటపడును. చేతులు లక్షలు, తలలు పదులు.

2025 ఫిబ్రవరి 12నాఁటి సవరణలు ఇంకను కొంత మేలు చేసినవి. ఫిర్యాదునకు మూఁడు దినముల గడువు ఏడు దినములయ్యెను. నమోదు కాని పిలుపులపై ముప్పది దినములలో తీసికొనవలసిన చర్య ఐదు దినములకు తగ్గెను. మొదటి తప్పునకు పదునైదు దినములు పిలుపులు చేయ వీలులేకుండ ఆపుట, రెండవదానికి ఏఁడాదిపాటు కనెక్షనులన్నియు పోవుట దండము. లెక్కలు తప్పుగా చూపిన టెలిఫోను కంపెనీలకు రెండు లక్షలు, ఐదు లక్షలు, పిమ్మట తప్పునకు పదేసి లక్షలు విధించిరి. అయినను సరకు గలవాని సంచి ముట్టుకొనఁబడలేదు.

దండము కాగితముమీఁద పెద్దదైనంత మాత్రమున చాలదనుటకు అమెరికా సాక్ష్యము. అక్కడ 1991లోనే టెలిఫోను వినియోగదారుల రక్షణచట్టము వచ్చెను. వలదనువారి పట్టిక 2003లో తెఱచిరి. అక్కడి సమాచార సంఘము 2015నుండి 20 కోట్ల డాలర్లకు మించిన జరిమానాలు విధించి, అందులో 6,790 డాలర్లు మాత్రమే వసూలు చేసినదని 2019లో పత్రికలు వెల్లడించినవి. విధించుట వేఱు, రాబట్టుట వేఱు.

ఇంతవఱకు వర్తకుల సంగతి. అదే వాకిట వంచకులును చొచ్చిరి. ఆ పిలుపుల రెండవ కొన యెక్కడ నున్నదో 2024 మే నెలలో విశాఖపట్టణమునకు తెలిసివచ్చెను. సింగపూరున డేటా ఎంట్రీ ఉద్యోగములని ఆశ చూపి, మన ప్రాంతపు యువకులను కంబోడియాకు తరలించిన దళారులను విశాఖ పోలీసులు పట్టుకొనిరి. అక్కడ ఆ యువకులను నిర్బంధించి, స్వదేశీయులనే ఫోనులలో మోసగింపవలసినదిగా హింసించిరి. మే 20వ తేదీ ప్రాంతమున వారు తిరుగఁబడఁగా, కొందఱు క్రమముగా ఇల్లు చేరిరి. మనలను మోసగించు కంఠము ఒక్కొక్కపుడు మన యూరి బిడ్డదే, వాఁడును బందీయే. వానిని దండించినందున యజమానికి ఏమి నష్టము?

కౌటిల్యుఁడు దండమును మూఁడు విధములుగా విభజించినాఁడు. తీక్ష్ణదండము జనులను కలవరపెట్టును, మృదుదండము తిరస్కరింపఁబడును, అర్హతను బట్టి వేసిన దండమే పూజింపఁబడును. మనది మృదుదండము మాత్రమే కాదు, గుఱి తప్పిన దండము కూడ. వర్తకుఁడు దాఁగలేఁడను సంగతి మనము మఱచితిమి. సరకు అమ్ముడుపోవలెనన్న వాఁడు తన పేరు చెప్పవలెను. తన స్థలము చూపవలెను. సొమ్ము తన ఖాతాకు రప్పించుకొనవలెను. సంఖ్యను వెదకుట కష్టమేమో కాని, సరకు గలవానిని వెదకుట కష్టము కాదు. పిలిచిన కూలివానికి గాక, ఎవని లాభమునకై పిలుపు జరిగెనో వానికి, ఆ లాభమునకు మించిన ధనదండము పడిననాఁడు ఈ వ్యాపారము గిట్టుబాటు కాదు. వినియోగదారుని ముందస్తు సమ్మతి యను మాట 2023నాఁటి టెలికమ్యూనికేషనుల చట్టములోని 28వ సెక్షనులోనే కలదు. మాట యున్నది, దానికి తగిన దండము కావలెను.

అందాఁక మనము చేయఁదగినది కొంత కలదు. వ్యాపారపు పిలుపు 140 సంఖ్యనుండియే రావలెను; సామాన్య సంఖ్యనుండి వచ్చినచో అది అక్రమమే. ఏడు దినములలోపల 1909కు ఫిర్యాదు చేయవచ్చును. పట్టికలో పేరు లేకున్నను ఇప్పుడు చేయవచ్చును. ఫిర్యాదులో సంఖ్యతోపాటు అమ్మఁజూచిన సరకు పేరు, సంస్థ పేరు తప్పక వ్రాయుఁడు. మోసములో సొమ్ము పోయినచో ఆలసింపక 1930కు తెలుపుఁడు. ఇంట రాత్రి షిఫ్టువారున్నచో వారికిని, అక్షరములు రాని పెద్దలకును ఈ రెండు సంఖ్యలు నేర్పుఁడు.