రాతిగోడను పట్టుకున్న చిన్న జెముడు



హోసూరు, బెంగళూరు వైపు మనవాళ్ల మిద్దెల మీద ఇప్పుడు గులాబీ కుండీల పక్కన కాక్టస్ కుండీలు కూడా చేరుతున్నాయి. వీధిలో కళ్లి అంటాం, ఇంట్లో జెముడు అంటాం. వాటిలో అజ్టెకియం అనే బుడ్డ మొక్క గురించి మనలో చాలామంది అడుగుతున్నారు. దాని చరిత్ర తెలియకుండా కొంటే, మన డబ్బుతోనే ఎక్కడో ఒక కొండ ఖాళీ అవుతుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా, జెముడన్నదల్లా కాక్టస్ కాదు. గట్ల మీది బొంతజెముడును గిల్లితే పాలు కారతాయి. అది యుఫోర్బియా. నాగజెముడేమో నిజమైన కాక్టస్, అమెరికా ఖండం నుంచి వచ్చింది. కాక్టస్‌కి ఆనవాలు ముల్లు కాదు, ముల్లు మొలిచే చోట ఉండే దూదిలాంటి చిన్న మెత్త. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఎర్రరంగు ఇచ్చే కోచినీల్ పురుగుల కోసం జెముడు తోటలు వేయించాడు. తర్వాత నాగజెముడు దక్షిణాదిన బీళ్లనూ గట్లనూ కమ్మేసింది. చివరికి 1926లో సింహళం నుంచి తెచ్చిన మరో రకం కోచినీల్ పురుగే దాన్ని అణిచింది. మన ముత్తాతలు చూసిన కథే ఇది.

అజ్టెకియం కథ దీనికి పూర్తిగా ఎదురు. నాగజెముడు ఎక్కడ పడితే అక్కడ బతికింది, ఇది మాత్రం పుట్టిన చోటు వదలలేదు. ఈశాన్య మెక్సికోలోని నువో లియోన్ రాష్ట్రంలో, రయోనెస్ లోయలో, నిట్టనిలువు కొండగోడల పగుళ్లలో ఉంటుంది. 1920ల చివర్లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ రిట్టర్ దీన్ని కనుగొన్నాడు. ఫ్రీడ్రిష్ బోడెకర్ మొదట ఎకినోకాక్టస్‌లలో చేర్చి, 1929లో దీనికంటూ వేరే ప్రజాతిని ఏర్పరిచాడు. ఒంటి మీది అడ్డముడతలు అజ్టెక్ శిల్పాల చెక్కడాన్ని తలపించాయని ఆ పేరు, కనుగొన్నవాడి గుర్తుగా రిట్టెరి. అరవయ్యేళ్ల పాటు ఆ ప్రజాతిలో ఇదొక్కటే.

1990ల మొదట్లో జార్జ్ హింటన్ అదే రాష్ట్రంలో జిప్సం కొండల మీద రెండోదాన్ని కనుగొన్నాడు. దాని పేరు హింటోనియై. 2013లో మూడోది, వాల్డెజియై, శాస్త్రలోకానికి పరిచయమైంది. దొంగలూ అంతే వేగంగా వచ్చారు. కొత్త జాతి పేరు అచ్చయిందంటే కొండకు గండం వచ్చినట్టే. అడవి మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో మన దేశం 1976లో చేరింది, మెక్సికో 1991లో. రిట్టెరి అందులో మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి నుంచి తవ్వినదాన్ని దేశాల మధ్య అమ్మడం నేరం.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. రిట్టెరి అయిదు సెంటీమీటర్ల వెడల్పు దాటదు. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, తొమ్మిది నుంచి పదకొండు గట్లు, వాటి నడుమ సన్నని మరో వరుస గట్లు. ముళ్లు బలహీనం, త్వరగా రాలిపోతాయి. పువ్వు చిన్నది, తెలుపు లేదా లేత గులాబీ. హింటోనియై ఇంకా పెద్దది, పూలు ముదురు గులాబీ. వాల్డెజియైకి మామూలుగా అయిదే గట్లు.

అసలు పరీక్ష పెంచడంలోనే ఉంది. విత్తనం అర మిల్లీమీటరు ఉంటుంది. జల్లెడ పట్టిన సన్న గులకమట్టిని వేడిచేసి చల్లార్చి, దాని మీద చల్లాలి, మట్టి కప్పకూడదు. మూత గట్టిగా ఉన్న సీసాలో, మెత్తని వెలుతురులో, తడి ఆరకుండా ఏడాదికి పైగా ఉంచాలి. రెండేళ్లకు మూడు మిల్లీమీటర్లు! ఎండవేడికో, పాచికో చాలా పోతాయి. గులాబీకి అంటు కట్టడం వచ్చిన చేతులకు పెరెస్కియోప్సిస్ కాడ మీద దీన్ని అంటు కట్టడం పెద్ద పని కాదు. త్వరగా ఎదుగుతుంది కూడా. కానీ ఉబ్బిపోయి ముడతల అందం పోతుంది. మాకైతే సొంతవేళ్ల మీది చిన్న బొత్తామంత మొక్కే ఇష్టం. పెద్దయ్యాక సున్నపురాళ్లు, ఇసుక ఎక్కువున్న మట్టి, నీడపట్టు, మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు. వానాకాలంలో పైకప్పు తప్పనిసరి.

కొనేముందు మొదలు చూడండి. కొండ నుంచి పెరికిన మొక్కకు అడుగు బెరడుకట్టి, గాయాలతో, వేరు తెగి ఉంటుంది. ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటుంది. విత్తనంతో పెంచినవి శుభ్రంగా, ఒకే ఈడు పిల్లల్లా ఉంటాయి. తక్కువ ధరకు పెద్ద మొక్క ఇస్తామంటే ఎన్నేళ్లదో అడగండి, విత్తనం ఎప్పుడు వేశారో అడగండి. జవాబు తడబడితే వదిలేయండి. విత్తనాలే తెప్పించుకుంటే మాత్రం పొట్లం విప్పేముందు ఫ్యాను ఆపండి.