విరిగిన కర్ర, అందించిన కర్ర

నార్వేలో కాస్త వయసున్న వాళ్ళ మధ్య ఒక ప్రశ్న చాలా ఫేమస్. "బ్రో కర్ర విరిగినప్పుడు నువ్వెక్కడున్నావ్?" ఈ బ్రో మన "ఏంటి బ్రో" లోని బ్రో కాదు. ఓడ్వార్ బ్రో, ఆయన ఇంటిపేరే అది. 2011 ఏప్రిల్ 2 రాత్రి ధోనీ సిక్స్ కొట్టినప్పుడు ఎక్కడున్నావని అడిగితే మనం టక్కున చెప్తాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే మనం గుర్తుపెట్టుకున్నది సిక్స్, వాళ్ళు గుర్తుపెట్టుకున్నది ఒక కర్ర విరగడం.

హాయ్ అందరికీ, వెల్‌కమ్ బ్యాక్. ఈ రోజు టాపిక్ క్రాస్ కంట్రీ స్కీయింగ్. నేను మంచు చూసింది ఒకే ఒక్కసారి, మనాలీలో, అద్దెకి తీసుకున్న కోటు, బూట్లతో. మరి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఉద్యోగం చేసే రోజుల్లో శీతాకాలం వీకెండ్స్ నాకు ఆన్ కాల్ పడేది. ఒక స్క్రీన్ మీద సర్వర్ అలర్ట్స్, ఇంకో స్క్రీన్ మీద యూరప్‌లో జరిగే స్కీ రేసులు. అలర్ట్ రాకపోతే రేస్ మొత్తం చూసేసేవాణ్ణి. అలా ఎక్కేసింది.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. కొండ మీద నుంచి జర్రున జారడం కాదు ఇది. అడవిలో, మంచు మీద, ఎత్తుపల్లాల్లో కిలోమీటర్ల కొద్దీ పరుగు లాంటిది. కాళ్ళకి సన్నటి పొడవాటి స్కీలు, రెండు చేతుల్లో రెండు కర్రలు. ఎక్కుడు వస్తే ఆ కర్రలతో మంచుని పొడుచుకుంటూ ఒంటిని పైకి తోసుకోవాలి. కాళ్ళు, చేతులు, నడుము, అన్నీ ఒకేసారి పనిచేయాలి. అందుకే ఫినిష్ లైన్ దాటగానే చాలామంది మంచులోనే కుప్పకూలిపోతారు. అది యాక్టింగ్ కాదు, నిజంగానే ఊపిరి అందదు. అలాంటి చోట ఒక కర్ర విరిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

1982, ఓస్లో. వరల్డ్ ఛాంపియన్‌షిప్స్. హోల్మెన్‌కోలెన్ అనే కొండ, నార్వే వాళ్ళకి ఈ ఆటలో గుడి లాంటిది. మగవాళ్ళ రిలే, నలుగురు, ఒక్కొక్కరు 10 కిలోమీటర్లు. ఆఖరి వంతులో నార్వే తరఫున బ్రో, సోవియట్ యూనియన్ తరఫున అలెగ్జాండర్ జవ్యాలోవ్. ముగింపు దగ్గర పడింది. బ్రో దాటబోయాడు, ఇద్దరూ తగులుకున్నారు, బ్రో కర్ర విరిగింది. పక్కనుంచి ఎవరో ఇంకో కర్ర అందించారు. బ్రో అది పట్టుకుని మళ్ళీ అందుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి లైన్ దాటారు. ఫొటో ఫినిష్ చూసినా ఎవరు ముందో తేలలేదు. రెండు దేశాలకీ బంగారం ఇచ్చేశారు.

ఇది సొంత గడ్డ మీద, సొంత మనిషికి కర్ర అందిన కథ. మరి అవతలి జట్టు వాడి కర్ర విరిగితే?

ఇప్పుడు 2006కి రండి. ఇటలీ, టొరినో ఒలింపిక్స్, పర్వతాల్లో ప్రజెలాటో అనే ఊరు. ఆడవాళ్ళ టీమ్ స్ప్రింట్. జట్టుకి ఇద్దరు, వంతులవారీగా చెరో మూడుసార్లు పరిగెత్తాలి. కెనడా జట్టులో సారా రెన్నర్, బెకీ స్కాట్. రేసు మధ్యలో రెన్నర్ కర్ర విరిగింది. ఒంటి కర్రతో ఎక్కుడు ఎక్కాలి, ఒక్కొక్కరే దాటిపోతున్నారు. అప్పుడు ట్రాక్ పక్కన నిలబడ్డ ఒకాయన తన చేతిలోని కర్ర ఆమెకి ఇచ్చేశాడు. ఆమెకి అది బాగా పొడుగైంది, అయినా ఒంటి కర్ర కంటే నయం కదా.

ఆ ఇచ్చినాయన పేరు బ్యోర్నార్ హోకెన్స్‌మోయెన్. నార్వే కోచ్. అదే రేసులో నార్వే కూడా పరిగెడుతోంది!

ఫలితం చెప్తా. స్వీడన్‌కి బంగారం. కెనడాకి వెండి. ఫిన్లాండ్‌కి కాంస్యం. నార్వే? నాలుగో స్థానం. అంటే ఖాళీ చేతులు. ఆయన కర్ర ఇవ్వకపోయుంటే ఏం జరిగేదో ఎవరూ లెక్కగట్టలేరు కానీ, పతకానికి ఒక్క మెట్టు కింద ఆగిపోయింది నార్వే. కెనడా జనం ఊరుకోలేదు. కృతజ్ఞతగా టన్నుల కొద్దీ మేపుల్ సిరప్ నార్వేకి పంపారు. మేపుల్ చెట్టు రసం కాచి చేసే పాకం అది, మనకి తాటిబెల్లం ఎలాగో వాళ్ళకి అది అలాగ.

ఇక్కడితో ఆపేస్తే ఇది వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. నాకు ఈ కథ పట్టుకున్నది ఇంకో కారణానికి. రెన్నర్ పక్కన ఉన్న బెకీ స్కాట్ ఎవరో తెలుసా?

నాలుగేళ్ళు వెనక్కి, 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్. పర్స్యూట్ రేసులో స్కాట్ మూడో స్థానం, కాంస్యం. ఆమె ముందున్న ఇద్దరూ రష్యా వాళ్ళు, ఓల్గా డానిలోవా, లారిసా లాజుటినా. ఆ ఒలింపిక్స్‌లోనే ఇద్దరూ డార్బెపోయెటిన్ వాడి దొరికిపోయారు. ఆ మందు ఎర్ర రక్తకణాలని పెంచుతుంది, అంటే ఆక్సిజన్ మోసే బండ్లు ఎక్కువవుతాయి. ఊపిరి మీద నడిచే ఆటలో అది ఎంత పెద్ద దొంగతనమో ఆలోచించండి. అయినా పర్స్యూట్ పతకాల లెక్క వెంటనే తేలలేదు. అప్పీళ్ళు, విచారణలు. స్కాట్ కాంస్యం మొదట వెండి అయింది, తర్వాత బంగారం అయింది. ఆ బంగారం ఆమె మెడలో పడింది 2004లో, వాంకూవర్‌లో. పోడియం మీద నిలబడాల్సిన ఆ నిమిషం మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

ఫ్యాన్‌గా నా బాధ ఇదే. దొంగలు ఒక దేశంలోనే ఉన్నారా అంటే కాదు. 2001లో ఫిన్లాండ్‌లోని లాహ్టిలో, సొంత ఊళ్ళో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో, ఆరుగురు ఫిన్లాండ్ స్కీయర్లు దొరికారు. 2002లోనే స్పెయిన్‌కి ఆడిన యోహాన్ మ్యూలెగ్ కూడా దొరికాడు. కర్ర ఇచ్చిన నార్వే కూడా పూర్తిగా తప్పించుకోలేదు. 2016లో థెరేసే యోహౌగ్ టెస్టులో క్లోస్టెబోల్ బయటపడింది. పెదవులకి టీమ్ డాక్టర్ ఇచ్చిన క్రీమ్‌లో అది ఉందట. ట్యూబ్ డబ్బా మీద హెచ్చరిక ముద్రించే ఉంది. 18 నెలల నిషేధం, 2018 ఒలింపిక్స్ పోయాయి. 2022లో తిరిగొచ్చి మూడు బంగారాలు గెలిచింది. ఆమెని చూసి చప్పట్లు కొట్టాలా, అనుమానంగా చూడాలా? నేను చప్పట్లే కొట్టా. కానీ ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, అబద్ధం చెప్పను.

మరి ఎందుకు చూస్తున్నావురా అని మా ఫ్రెండ్స్ అడుగుతారు. దానికి జవాబు స్కాటే. రెండు అనుభవాలూ ఆమెకే జరిగాయి. ఒకసారి ముందున్న వాళ్ళు మోసం చేశారు, ఇంకోసారి పోటీ జట్టు కోచ్ చెయ్యి అందించాడు. చాలామంది రెండోదాన్ని తలుచుకుని "మనుషులు మంచోళ్ళే" అని వదిలేస్తారు. ఆమె వదల్లేదు. రిటైర్ అయ్యాక ప్రపంచ యాంటీ డోపింగ్ ఏజెన్సీలో క్రీడాకారుల తరఫున పనిచేసింది. 2018లో, డోపింగ్ కుంభకోణంతో సస్పెండ్ అయిన రష్యా యాంటీ డోపింగ్ సంస్థని తిరిగి చేర్చుకోవాలని కమిటీ సిఫార్సు చేసినప్పుడు, ఆమె ఆ కమిటీకి రాజీనామా చేసేసింది.

సాఫ్ట్‌వేర్‌లో మాకు ఒక అలవాటు. టీమ్‌లో అందరూ మంచోళ్ళే, అయినా కోడ్‌ని ఇంకొకరు చెక్ చేయకుండా లైవ్‌లోకి వదలం. నమ్మకం లేక కాదు, నమ్మకం నిలబడాలని. కర్ర ఇవ్వడానికి ఒక మంచి మనిషి చాలు. ఆ కర్రకి విలువ ఉండాలంటే మాత్రం రేసు నిజాయితీగా ఉండాలి. మొదటిది హోకెన్స్‌మోయెన్ ఒక్క క్షణంలో చేశాడు. రెండోదాని కోసం స్కాట్ ఏళ్ళ తరబడి మీటింగుల్లో కూర్చుంది. దాని మీద ఎవరూ సిరప్ పంపలేదు.

అందుకే ఈసారి రేస్ చూసేటప్పుడు ట్రాక్ పక్కన స్పేర్ కర్రలు పట్టుకుని నిలబడే వాళ్ళని కూడా ఒకసారి గమనించండి. మీకు ఇలాంటి కథ ఏ ఆటలోనైనా తెలిస్తే కామెంట్‌లో రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.