చిరునామాల నోటుపుస్తకం

మొన్న దసరా సెలవుల్లో అల్మారా సర్దుతుంటే రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి బయటపడింది. అట్ట మీద పేరు లేదు. లోపల మాత్రం పది పదిహేను రకాల చేతిరాతలు. పేజీల నిండా వెబ్‌సైట్ల చిరునామాలు, పక్కన ఒకటి రెండు వాక్యాలు. 'ఇందులో తెలుగు డబ్బాలుగా కనపడతాది, ఫాంటు దించుకోవాల.' 'బొమ్మలు ఎక్కువ, తెరుచుకునేలోపు అరగంట అయిపోతాది.' 'మేడమ్, ఇది తప్పకుండా చూడండి.' 2003 నుంచి 2007 దాకా తిరుపతిలో నా దగ్గర చదువుకున్న అమ్మాయిలూ నేనూ కలిసి రాసుకున్న పుస్తకం అది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. ఊరూరా బ్రౌజింగ్ సెంటర్లు వెలిసింది మాత్రం ఆ తర్వాత కొన్నేళ్లకు. సన్నటి చెక్క గదులు, ముందు పరదా, గంటకింత అని లెక్క. అబ్బాయిలకు అది కాలక్షేపం. అమ్మాయి ఆ పరదా వెనక్కి వెళితే 'ఆడపిల్లకు అక్కడేం పని?' అన్న ప్రశ్న ఇంటికి ఆమె కంటే ముందే చేరేది. చీకటి పడేలోపు హాస్టల్ గేటు దాటాలి. చేతిలో గంటకు సరిపడా డబ్బే ఉండేది. అందుకే మా వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. వెళ్లి వచ్చిన అమ్మాయి తను చూసినవాటిలో మంచివి పుస్తకంలో ఎక్కించాలి. తర్వాత వెళ్లే అమ్మాయి వెతుక్కోకుండా నేరుగా అక్కడికే పోవచ్చు. ఒకరి గంట పదిమందికి పనికొచ్చేది.

అప్పుడు దీన్ని మేం పొదుపు అనుకున్నాం. ఇప్పుడు చరిత్ర చదువుతుంటే ఇంటర్నెట్టే ఈ పని మీద పెరిగిందని తెలుస్తోంది. 1994లో యాహూ మొదలైంది ఇద్దరు విద్యార్థులు పోగు చేసుకున్న లింకుల జాబితాగానే. 'వెబ్‌లాగ్' అనే మాట 1997లో పుట్టింది. తొలినాళ్ల వెబ్‌లాగులు ప్రధానంగా లింకులూ వాటి పక్కన నాలుగు మాటల వ్యాఖ్యానాలూ. ఆ సంగతిని 2000లోనే చరిత్రగా రాసిపెట్టింది రెబెకా బ్లడ్ అనే స్త్రీ. అంతకు ముందు 1992లో, ఇంటర్నెట్‌లో తిరగడానికి 'సర్ఫింగ్' అన్న మాటను జనంలోకి తెచ్చిన వ్యాసం రాసింది జీన్ ఆర్మర్ పాలీ. ఆమె వృత్తి లైబ్రేరియన్. కావలసినవాళ్లకు కావలసినది చూపించడం లైబ్రేరియన్లకు కొత్త విద్య కాదు కదా!

లైబ్రేరియన్ అనగానే మన ఊరి మనిషి ఒకరు గుర్తుకొస్తారు. కథా రచయిత్రి నిడదవోలు మాలతి తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి, 1973లో అమెరికా వెళ్లారు. 2001లో తెలుగు కథలను ఇంగ్లీషు పాఠకులకు అందించడానికి 'తూలిక' అనే వెబ్ పత్రిక పెట్టారు. కథల అనువాదాలతో పాటు రచయితల మీద, మన సాహిత్య సంప్రదాయం మీద వ్యాసాలూ వచ్చాయందులో. తర్వాత తెలుగులోనూ వెబ్‌లో రాశారు. మా నోటుపుస్తకంలో తూలిక చిరునామా మూడు చోట్ల ఉంది, మూడు వేరువేరు చేతిరాతల్లో. ఆ రాసినవాళ్లెవరికీ ఆమె మన ఊళ్లో పనిచేసిన మనిషని అప్పట్లో తెలీదు. చెప్పాల్సిన నాకూ తెలీదు.

పుస్తకంలో ఎక్కువ చోటు ఆక్రమించింది మాత్రం ఫాంట్ల గొడవ. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటూ వచ్చింది. అయినా పత్రికల సైట్లు చాలాకాలం ఎవరి ఫాంటు వాళ్లదేనన్నట్టు నడిచాయి. ఇక్కడ చదివింది అక్కడ అతికిస్తే పిచ్చి గీతలు. బ్రౌజింగ్ సెంటర్లో ఫాంటు దించుకోవాలంటే యజమానిని అడగాలి. అంటే ఒక అమ్మాయి తన భాషలో తాను చదువుకోవడానికి ఒక మగవాడి అనుమతి తీసుకోవాలి. వెబ్ డిజైన్ అంటే రంగులూ బొమ్మలే అనుకునేవాళ్లకు ఈ సంగతి తట్టదు. 2006లో 'లేఖిని' వచ్చాక, ఏమీ దించుకోకుండా పేజీ తెరిచి తెలుగు టైపు చేసుకోగలిగాం. ఆ రోజు పేజీలో ఒకమ్మాయి ఎర్రసిరాతో 'ఇంక ఎవురినీ అడగబన్లేదు' అని రాసింది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 2008లో ఆ చిరునామాల ఆధారంగానే స్త్రీల రచనల మీద ఒక పరిశోధన పత్రం రాశాను. చూసిన పెద్దలు 'ఇవి ఆధారాలు కావమ్మా, తీసేయండి' అన్నారు. తీసేశాను. వాటితో పాటు, వెతికిపెట్టిన అమ్మాయిలకు చెప్పిన కృతజ్ఞతల పేరా కూడా తీసేశాను. అది తీసేయమని ఎవరూ చెప్పలేదు. వంటింటి శ్రమకు విలువ కట్టరని తరగతిలో గంటలకొద్దీ మాట్లాడిన నేనే, ఆ అమ్మాయిల శ్రమను ఉప్పూ కారంలా వాడుకుని పేరు చెప్పకుండా వడ్డించాను.

దసరా సెలవుల్లో ఆ చిరునామాలు వరసగా కొట్టి చూశాను. ఎక్కువ భాగం తెరుచుకోలేదు. జియోసిటీస్ 2009లో మూతపడింది, దాంతో పాటే మా వాళ్లు మెచ్చుకున్న సొంత పేజీలు కొన్ని పోయాయి. 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉన్న ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొన్ని దొరికాయి. నిజానికి లింకులు ఇలా తెగిపోవాలని రాసిపెట్టి లేదు. 1980ల చివర ఇంగ్లండులో వెండీ హాల్, ఆమె సహచరులు తయారుచేసిన 'మైక్రోకాజం'లో లింకులు పత్రంలో కలిసిపోకుండా విడిగా ఒక చోట భద్రంగా ఉండేవి. గెలిచింది మాత్రం సులువైన వెబ్. అందులో అవతలి పేజీ చోటు మారినా, పోయినా ఇవతలి లింకుకు కబురు ఉండదు.

తాళ్లపాక వారి సంకీర్తనలు రాగిరేకుల మీద ఉన్నాయి కాబట్టి, తిరుమల గుడిలోని అరలో శతాబ్దాలు మరుగునపడి కూడా మళ్లీ మనకు దక్కాయి. ఏది రాగికెక్కాలో, ఏది చిత్తుకాగితంగా మిగలాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉంటారు. ఆనాడు మా పుస్తకం విషయంలో ఆ నిర్ణయం చేసినదాన్ని నేనే.

మదనపల్లెలో ఉన్న ఒక పాత విద్యార్థినికి ఫోన్ చేశాను. 'ఆ బుక్కు ఇంకా ఉండాదా మేడమ్? నేనెప్పుడో పారేసినారనుకున్నా' అంది. చేతిరాతలు ఒక్కొక్కటీ ఫోటో తీసి పంపుతుంటే ఎవరిది ఏదో గుర్తుపట్టి చెబుతోంది. ఒప్పుకున్నవాళ్ల పేర్లతో ఆ జాబితాను శుభ్రంగా తిరగరాస్తున్నాను. తెగిపోయిన చిరునామాలనూ వదలడం లేదు. పేజీ పోయినా, దాన్ని వెతికి పట్టుకుని మరొకరికి చెప్పిన అమ్మాయి ఉంది కదా. ఆమె పేరు ఈసారి తీసెయ్యను. మీ అల్మారాల్లోనూ ఇలాంటి పుస్తకాలు ఉంటే పాత కాగితాలవాడికి వేసేముందు ఒకసారి తెరిచి చూడండి.