అద్దాలతో పట్టిన ఎండ

1954వ సంవత్సరమనగానే మన యానాం పెద్దలకు ఫ్రెంచి జెండా దిగిన రోజులు జ్ఞాపకం వస్తాయి. జూన్ 13న విమోచనవాదులు పాలన చేజిక్కించుకొన్నారు. నవంబరు 1న ఊరు భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. అదే ఏడు ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికాన్ సోలార్ సెల్‌ను లోకానికి చూపారు. దానిమీద పడిన ఎండలో నూటికి 6 పాళ్లు మాత్రమే విద్యుత్తుగా మారేది. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదు. అయితే యానాన్ని ఏలిన ఫ్రాన్సుకు ఎండతో అంతకంటె పాత సంబంధం ఉన్నది.

వెలుగు సోకితే విద్యుత్తు పుట్టగలదని 1839లో కనుగొన్నవాడు ఎడ్మండ్ బెకరెల్ అనే 19 ఏండ్ల ఫ్రెంచి యువకుడు. 1878 పారిస్ ప్రదర్శనలో ఆగస్టిన్ మూషో అనే లెక్కల ఉపాధ్యాయుడు గరాటు ఆకారపు పెద్ద అద్దంతో ఎండను ఒకచోటికి చేర్చి, ఆవిరి పుట్టించి, ఆ వేడితోనే మంచుగడ్డ తయారుచేసి చూపాడు. బంగారు పతకం కూడా పొందాడు. అదే ఏడు మన దేశంలో బొంబాయి హైకోర్టు డిప్యూటీ రిజిస్ట్రారు విలియం ఆడమ్స్ తన సౌరయంత్రాలను గూర్చి పుస్తకం ప్రకటించాడు. ఆయన శాస్త్రజ్ఞుడు కాడు, కచేరీ ఉద్యోగి. అయినా అద్దాలు పేర్చి ఎండతో వంట వండించాడు, ఆవిరియంత్రం నడిపాడు. ఇంత జరిగినా ఫ్రాన్సులో బొగ్గు చౌక కావడంతో మూషో యంత్రం మూలపడింది.

ఆ అద్దాల ఉపాయమే తరువాత సోలార్ సెల్‌కు తోడైంది. కటకంతో ఎండను వందల రెట్లు చిక్కబరచి, గోరంత సెల్ మీద పడేటట్లు చేస్తారు. ఆ సెల్‌లో పలు పొరలుంటాయి; ఒక్కొక్క పొర వెలుగులోని ఒక్కొక్క రంగుల భాగాన్ని గ్రహిస్తుంది. సెల్ ఖరీదైనదే గాని, చాలా కొంచెం సరిపోతుంది. 2014లో ఫ్రెంచి సంస్థ సోయిటెక్, జర్మనీ ఫ్రౌన్‌హోఫర్ సంస్థ మొదలైనవారు కలిసి, 508 రెట్లు చిక్కబరచిన వెలుగులో నూటికి 46 పాళ్లు రాబట్టారు. 6 ఎక్కడ, 46 ఎక్కడ!

ఇట్టి పలకలను రాశిగా తయారుచేయడానికి సోయిటెక్ అమెరికాలోని శాన్‌డియాగోలో కర్మాగారం కూడా పెట్టింది. కాని ఈ పద్ధతికి మబ్బులేని తిన్నని ఎండ కావాలి. పలక పొద్దుతిరుగుడు పువ్వువలె సూర్యుని వెంట తిరుగుతూ ఉండాలి. ఇంతలో మామూలు సిలికాన్ పలకల ధర ఊహించనంతగా పడిపోయింది. 2015లో సోయిటెక్ ఈ వ్యాపారం విరమించింది. నాడు మూషోకు బొగ్గు ఎట్లో, నేడు దీనికి చౌక సిలికాన్ అట్లయింది.

మరి ఎండను కూర్చే విద్య వ్యర్థమా? కాదు. 2002లో తిరుమలలో దేవస్థానంవారు 106 పుటాకార అద్దాల పళ్లెరాలు నెలకొల్పి, రోజుకు సుమారు 15 వేలమందికి ఆవిరితో అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. అక్కడ కావలసినది వేడి; ఎండ ఇచ్చేదీ వేడే. అవసరమూ ఉపాయమూ కలిసినవి.

ఉగాదినాడు పంచాంగశ్రవణంలో ఆదాయం ఒక్కటే విని లేచిపోము గదా, వ్యయం కూడా వింటాము. కొత్త యంత్రాన్ని గూర్చి మన పిల్లలు నూటికి ఇన్ని పాళ్లని చదివినప్పుడు, దానికి ఖర్చెంత, ఎవరి ఇంటి అవసరం తీరుతుంది అని కూడా అడగడం నేర్చుకోవాలి.