కొత్తనీటి మేత

కరీంనగరపు చెరువుల చరిత్ర వ్రాయువారు కట్టలు, తూములు, మత్తడులు కట్టించినవారి పేర్లతో ఆరంభించి, ఆయకట్టు లెక్కలతో ముగింతురు గాని, ఆ నీటిలో కరగియుండు సారముతో ఎన్ని క్షుద్రప్రాణులు జీవించినవో, వానిని తిని పెరిగిన చేపలపై ఆధారపడి గంగపుత్రులు, ముదిరాజులు ఎన్ని తరములు వలలు వేసిరో విచారించినవారు అరుదు.

ఈ సారము పుట్టుక ఆదిలాబాదు అడవులలో స్పష్టముగ కానవచ్చును. వేసవిలో టేకు రాల్చిన వెడల్పాటి ఆకులు ఎండిన వాగులలో పేరుకొని, మృగశిర కార్తె వానలకు నాని, ఒకటి రెండు దినములలోనే తమలోని చక్కెరలను, కషాయద్రవ్యములను నీటికి విడిచిపెట్టుటచేత, కడెము వంటి ఏరులలోనికి చేరు తొలినీరు గోధుమవన్నె దాల్చును. కరీంనగరపు చెరువులలోనైతే శికమున, అనగా చెరువు లోపలి నేలపై, మేసిన పశువుల పేడ, ఎండిన తుంగ, కొయ్యకాళ్లు ఈ పని చేయును. మృగశిరనాడు చేప తినవలెనను ఆచారము, చేపలు కొత్తనీటికి ఎదురెక్కు కాలముననే వచ్చుట గమనింపదగినది.

ఈ కరగిన పదార్థమే జలచరములకు నేరుగ ఆహారమగునా? నీటిలో తేలు సూక్ష్మజీవులు వాటి ఆకలికి చాలవు గనుక, జలచరములు నీటిలో కరగినదానినే శరీరముద్వారా గ్రహించునని జర్మను శాస్త్రజ్ఞుడు పూటర్ 1909 ప్రాంతమున వాదింపగా, డెన్మార్కువాడైన క్రోగ్ 1931లో ఆ వాదమునకు తగిన ఆధారములు లేవని త్రోసిపుచ్చెను. మరల 1961లో అమెరికాలో స్టీఫెన్స్, షిన్‌స్కీ అనువారు సముద్రపు అకశేరుకములు అమైనో ఆమ్లములను నీటినుండి పీల్చుకొనునని చూపిరి. అయితే ఉప్పు తగ్గినకొలది ఆ శక్తి క్షీణించునని తరువాత తేలినందున, సముద్రపు ఫలితమును మన చెరువునకు అన్వయింపరాదు. ఇచట మధ్యవర్తులు బాక్టీరియాలు: కరగిన సారమును తిని అవి పెరుగును, వానిని ఏకకణజీవులు తినును, ముద్దలుగ పేరుకొన్నవానిని ఆల్చిప్పలు వడగట్టుకొనును, బురదలోని ఎర్రపురుగులు మేయును. పూటర్ సమాధానము మనకు పనికిరాకున్నను, ఆతడడిగిన ప్రశ్న విలువైనదే.

పురుగులు తినగా మిగిలినది అడుగున ఒండ్రుగ నిలిచెడిది. వేసవిలో రైతులు దానిని బండ్లకెత్తి పొలములకు తోలుకొనెడివారు. 1949లో ఆరంభమైన కడెము ప్రాజెక్టు, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు ఏరుల నడకను మార్చినవి; పారుచు పోవలసిన ఆకు, బురద జలాశయములలో ఆగినవి. చెరువులలోనైతే 2015లో తెలంగాణ ప్రభుత్వపు మిషన్ కాకతీయ పేర పూడికతీత మరల సాగినది. ఇది మేలే, కాని యంత్రములతో గట్టినేల తేలువరకు త్రవ్వినచోట ఆల్చిప్పలును ఎర్రపురుగులును మట్టితోపాటే పొలమునకు పోవును. పూర్వము బండ్లతో కొద్దికొద్దిగ ఎత్తునపుడు, త్రవ్వక విడిచిన భాగమునుండి వానాకాలమున అవి మరల వ్యాపించుటకు వీలుండెడిదని నా యూహ.