అడ్డాకు విస్తరి

అడ్డతీగ ఆకులను పుల్లలతో కుట్టి చేసే, ఒక్కసారి వాడి పారేసే భోజనపు ఆకు అడ్డాకు విస్తరి. కాగితపు ప్లేటుకు తూర్పు కనుమల్లో ఇది పాతకాలపు ప్రత్యామ్నాయం.

అడ్డతీగ (బౌహీనియా వహ్లీ) చిక్కుడు కుటుంబానికి చెందిన భారీ ఎగబాకే తీగ. హిమాలయ పాదాల నుంచి మధ్య భారతం మీదుగా ఉత్తరాంధ్ర మన్యం వరకు పెరుగుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని మాహుల్ అంటారు. అక్కడ దోనా, పత్తల్ పేర్లతో వాడే డొప్పలకు, విస్తళ్లకు దీని ఆకుతోపాటు ఆ రాష్ట్ర వృక్షమైన సాలు ఆకూ పనికొస్తుంది. అడ్డాకు కొసన రెండుగా చీలి ఉంటుంది. వెడల్పు 30 సెంటీమీటర్లు దాటవచ్చు, అడుగున తుప్పు రంగు నూగు కనిపిస్తుంది. ఆకులను ఒకదానిపై ఒకటి అంచులు కలిసేలా పేర్చి, సన్నని వెదురు పుల్లలు గుచ్చి గుండ్రంగా కుడతారు. ఎండితే నెలల తరబడి నిల్వ ఉంటుంది.

కాగితపు ప్లేటుకు కలప గుజ్జు, దాన్ని ఉడికించడానికి రసాయనాలు, నీరు, ఇంధనం కావాలి. తడి పీల్చకుండా పూసే పాలిథిన్ పొర వల్ల అది సులభంగా కుళ్లదు, తిరిగి గుజ్జు చేయడమూ కష్టమే. ఆకు విస్తరి పశువుల మేతగానో ఎరువుగానో పోతుంది. అయితే యంత్రంపై అచ్చొత్తే కొన్ని రకాలకు అడుగున ప్లాస్టిక్ పొర అతికిస్తారు. వాటికి ఈ గుణం ఉండదు.

భారతదేశంలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లపై నిషేధం 2022 జూలై 1న అమలులోకి వచ్చింది. అలాంటి ప్లేట్లకు బదులుగా వాడగల ఆకులిచ్చే అడ్డతీగను, కలప చెట్లను అణచివేస్తుందని ఒకప్పుడు అటవీ సిబ్బంది నరికించేవారు. ఆకు సేకరణ, కుట్టుపని ఎక్కువగా గిరిజన మహిళలవి.